ఒకే పైకప్పుకు రెండు లెక్కలు: కప్పులో కలిసిపోయే సోలార్ వాటర్ హీటర్‌ను కంప్యూటర్ ఎలా అంచనా వేస్తుంది?

క్లుప్తంగా: ఇంటి పైకప్పునే సోలార్ కలెక్టర్‌గా (ఎండను పట్టి నీళ్లకు ఇచ్చే భాగంగా) మార్చి నీళ్లు కాచుకునే పద్ధతిలో ఏడాదికి ఎంత వేడి చేతికొస్తుందో ముందుగా తేల్చడానికి కంప్యూటర్ సిమ్యులేషనే, అంటే అసలు వ్యవస్థ తీరును లెక్కలతో అనుకరించి చూడడమే ఆధారం. స్టాండు మీద బిగించే మామూలు కలెక్టర్‌కు సరిపోయే లెక్క ఇక్కడ చాలదు. కప్పు వెనక ఏముంది, కప్పు బరువెంత, గాలి వేగం ఎక్కడ కొలిచారు, వేడినీళ్లు ఏ వేళ వాడతారు అన్న నాలుగు విషయాలు ఫలితాన్ని బాగా మార్చేస్తాయి. ఈ నాలుగూ రాయని రిపోర్టులోని శాతాన్ని మరో రిపోర్టు శాతం పక్కన పెట్టి పోల్చలేం.

ఒక ఇంటి కప్పు కొలతలు, దిశ, వాలు ఇచ్చి ఇద్దరు ఇంజినీర్లను విడివిడిగా లెక్క కట్టమన్నారనుకుందాం. ఏడాది వేడినీటి అవసరంలో 70 శాతం సూర్యుడి నుంచే వస్తుందని ఒకరు, 45 శాతానికి మించి రాదని ఇంకొకరు తేల్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇద్దరూ మంచి సాఫ్ట్‌వేరే వాడి ఉండొచ్చు. కూడికల్లో, తీసివేతల్లో ఎక్కడా పొరపాటు ఉండకపోవచ్చు. అయినా ఇంత తేడా ఎందుకు వస్తుందో అర్థం కావాలంటే, ఈ కలెక్టర్ ఎలా పనిచేస్తుందో, కంప్యూటర్ దాన్ని ఏయే ముక్కలుగా విడగొట్టి చూస్తుందో తెలియాలి.

కప్పే కలెక్టర్ అయినప్పుడు

మామూలు ఫ్లాట్ ప్లేట్ కలెక్టర్ ఒక పెట్టె. పైన అద్దం, లోపల నల్లటి ఫలకం, దానికి అతికించిన సన్నటి పైపులు, అడుగున ఇన్సులేషన్. ఇది కప్పుకు కాస్త ఎత్తులో, స్టాండు మీద, చుట్టూ గాలి ఆడేలా నిలబడుతుంది. దీన్ని ఐఎస్ఓ 9806 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పరీక్షించి మూడు అంకెలు ఇస్తారు. నీళ్లు, గాలి ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నప్పుడు ఎండలో ఎంత భాగం వేడిగా మారుతుందో మొదటిది చెబుతుంది. నీళ్లు వేడెక్కే కొద్దీ బయటికి పోయే నష్టాన్ని మిగతా రెండూ చెబుతాయి. చాలా లెక్కలకు ఈ మూడు అంకెలు చాలు.

కప్పులో కలిసిపోయే కలెక్టర్‌కు అలాంటి పెట్టె లేదు. కొన్నిచోట్ల కప్పు రేకు అడుగునే పైపులు బిగిస్తారు. కొన్నిచోట్ల కాంక్రీటు శ్లాబు పోసేటప్పుడే పైపులు లోపల పరిచేస్తారు. ఇంకొన్నిచోట్ల వాలు కప్పులో కొంత భాగం పెంకులు తీసేసి, ఆ చోట అద్దం, ఫలకం, ఇన్సులేషన్ వరసగా పరిచి, అదే వాన నీటిని ఆపేలా చేస్తారు. మూడింటిలోనూ కప్పుకు రెండు పనులు: ఇంటిని ఎండావానల నుంచి కాపాడటం, ఎండను పట్టి నీళ్లకు ఇవ్వడం. కాబట్టి దాని పనితీరు కింది గది మీద, గది పరిస్థితి దాని మీద ఆధారపడతాయి. లెక్క కష్టమయ్యేది ఇక్కడే.

పునాది సమీకరణం 1940ల నాటిది

ఈ రంగంలో ఇప్పటికీ వాడుతున్న మూల సమీకరణం పైకప్పు కలెక్టర్ల ప్రయోగాల్లోనే పుట్టింది. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో హోయ్ట్ హాటెల్ నాయకత్వంలో 1939లో ఒక చిన్న ప్రయోగ గృహం కట్టారు. కలెక్టర్లు కప్పు మీద, వేడినీటిని నిల్వ చేసే పెద్ద ట్యాంకు నేలమాళిగలో. అక్కడి కొలతల ఆధారంగా హాటెల్, బైరన్ వోర్ట్జ్ కలిసి 1942లో ఫ్లాట్ ప్లేట్ కలెక్టర్ల పనితీరును వివరించారు. తర్వాత 1950ల చివర్లో ఆస్టిన్ విలియర్, రేమండ్ బ్లిస్ దాన్ని ఇప్పుడు అందరూ వాడే రూపానికి తెచ్చారు.

దాని సారం ఇంటి జమాఖర్చు లాంటిది. ఫలకం పీల్చుకున్న ఎండలోంచి, ఫలకానికీ గాలికీ ఉన్న ఉష్ణోగ్రత తేడాను నష్ట గుణకంతో (ఒక్కో డిగ్రీ తేడాకు ఎంత వేడి పోతుందో చెప్పే అంకెతో) గుణించి తీసేస్తే, మిగిలింది నీళ్లకు దక్కుతుంది. ఫలకం ఉష్ణోగ్రత ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి దాన్ని కొలవడం కష్టం. అందుకే దాని బదులు లోపలికి వచ్చే నీటి ఉష్ణోగ్రతనే తీసుకుని, ఆ తేడాను సరిదిద్దడానికి ఒక గుణకాన్ని చేర్చారు. లోపలికి వెళ్లే నీళ్లు ఎంత చల్లగా ఉంటే లాభం అంత ఎక్కువ అన్న మౌలిక సత్యం ఈ చిన్న మార్పుతో లెక్కలో స్థిరపడింది. ఆ సత్యం ఎంత పెద్దదో ట్యాంకు దగ్గరికి వచ్చాక తెలుస్తుంది.

రేకుకీ పైపుకీ మధ్య జరిగేది

ఎండ పడేది రేకు అంతటి మీద. నీళ్లు పారేది మాత్రం పైపుల్లో. రెండు పైపుల నడిమధ్యన పడిన వేడి రేకు గుండా పక్కకు ప్రయాణించి పైపును చేరాలి. దారిలో కొంత పైనున్న గాలికి పోతుంది. రేకు పలచగా ఉన్నా, దాని ఉష్ణవాహకత తక్కువైనా, పైపుల మధ్య దూరం పెరిగినా ఆ నష్టం ఎక్కువవుతుంది.

అంకెల్లో చూద్దాం. కప్పుకు వాడే 0.6 మిల్లీమీటర్ల ఉక్కు రేకు తీసుకుందాం. ఉక్కు ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి సుమారు 50 వాట్లు. పైన అద్దం లేదు కాబట్టి నష్ట గుణకం చదరపు మీటరుకు, డిగ్రీకి 15 వాట్లు అనుకుందాం. పైపులు సెంటీమీటరు వెడల్పువి, వాటి నడుమల మధ్య దూరం 15 సెంటీమీటర్లు. ఈ అమరికలో పైపుల మధ్య రేకు తన మీద పడిన వేడిని పైపుకు చేర్చే సామర్థ్యం 58 శాతం చిల్లర. పైపులను 10 సెంటీమీటర్ల దూరానికి దగ్గర చేస్తే అది 76 శాతానికి పెరుగుతుంది. అదే రేకు మీద అద్దం వేసి నష్ట గుణకాన్ని 4కు తగ్గిస్తే, 15 సెంటీమీటర్ల దూరంలోనే 83 శాతం దాకా వస్తుంది. ఉక్కు బదులు 0.2 మిల్లీమీటర్ల రాగి ఫలకం పెట్టి అద్దం ఉంచితే 92 శాతం. రాగి రేకు ఉక్కు రేకులో మూడో వంతు మందమే అయినా ఇంత వస్తుంది, ఎందుకంటే దాని ఉష్ణవాహకత ఉక్కుకు ఏడెనిమిది రెట్లు.

ఈ నాలుగు అంకెలు ఒక విషయం చెబుతున్నాయి. మామూలు కలెక్టర్లలో పైపుల దూరం దాదాపు తేలిపోయిన విషయం, తయారీదారు దాన్ని ముందే చూసుకుంటాడు. కప్పు రేకునే ఫలకంగా వాడినప్పుడు అది డిజైనర్ చేతిలో ఉన్న అతి ముఖ్యమైన నిర్ణయం. రేకు మందం కప్పు బలాన్ని బట్టి ముందే ఖాయమవుతుంది. రేకు మడతల మధ్య దూరం కూడా తయారీ అచ్చును బట్టే ఉంటుంది. మిగిలేది పైపుల అమరిక ఒక్కటే.

రేకుకీ పైపుకీ మధ్య అతుకు సంగతి కూడా మరువకూడదు. వెల్డింగ్ చేసిన అతుకులో వేడి సాఫీగా దాటుతుంది. క్లిప్పుతో బిగించి వదిలేస్తే నడుమ సన్నటి గాలి పొర మిగిలిపోతుంది. గాలి ఉష్ణవాహకత 0.026 వాట్లే. అర మిల్లీమీటరు సందు కూడా లెక్కను పాడుచేయగలదు. అందుకే సిమ్యులేషన్‌లో అతుకును 'సంపూర్ణం' అని రాసి ఉంటే, నిర్మాణ స్థలంలో దాన్ని ఎలా బిగిస్తారో ముందు అడిగి తెలుసుకోవాలి.

అద్దం ఉందా, లేదా?

అద్దం లేని కప్పు కలెక్టర్‌లో ఎండ నేరుగా ఫలకం మీద పడుతుంది. అద్దం మింగేది, తిప్పికొట్టేది ఏమీ ఉండదు. కాబట్టి నీళ్లు చల్లగా ఉన్నంతసేపు అద్దం ఉన్నదానికంటే అదే మెరుగ్గా పనిచేస్తుంది. నీళ్లు వేడెక్కే కొద్దీ కథ తలకిందులవుతుంది. చదరపు మీటరుకు 800 వాట్ల ఎండలో, ఐఎస్ఓ పరీక్ష ఇచ్చే మొదటి అంకె 0.90, నష్ట గుణకం 15 ఉన్న అద్దం లేని కప్పు, నీళ్లు గాలికంటే 10 డిగ్రీలు వేడిగా ఉన్నప్పుడు సుమారు 71 శాతం సామర్థ్యం ఇస్తుంది. తేడా 40 డిగ్రీలకు చేరితే 15 శాతమే మిగులుతుంది. అద్దం ఉన్న సాధారణ కలెక్టర్ అదే ఎండలో 10 డిగ్రీల తేడా దగ్గర 73 శాతం, 40 డిగ్రీల దగ్గర 56 శాతం ఇస్తుంది.

ఈ రెండు రకాల్లో ఏది మంచిదన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. నీళ్లను 35 డిగ్రీల దాకా తెచ్చి మిగతా పని హీట్ పంపుకో హీటర్‌కో వదిలేసే వ్యవస్థలో అద్దం లేని కప్పు బాగా రాణిస్తుంది. ఎండ ఒక్కదానితోనే 60 డిగ్రీలు కావాలంటే అది పనికిరాదు. ఒక్క మధ్యాహ్నపు సామర్థ్యం చూసి దీన్ని తేల్చలేం కాబట్టి ఏడాది పొడవునా గంట గంటకూ లెక్కించాల్సి వస్తుంది. సిమ్యులేషన్ అసలు అవసరం ఇక్కడే మొదలవుతుంది.

వెనకవైపు: ఎక్కువ లెక్కలు తప్పేది ఇక్కడే

ఐఎస్ఓ పరీక్షలో కలెక్టర్ వెనకవైపు బయటి గాలికి తగులుతూ ఉంటుంది. ఆ పరీక్షలో వచ్చిన నష్ట గుణకాన్ని తీసుకెళ్లి కప్పులో కలిసిన కలెక్టర్‌కు అలాగే వాడితే, కప్పు కింద ఉన్నది గది అన్న సంగతిని కంప్యూటర్‌కు చెప్పనట్టే. వెనక నుంచి పోయే వేడి ఇప్పుడు ఆకాశంలోకి పోవడం లేదు, ఇంట్లోకి దిగుతోంది. చలికాలంలో అది ఇంటికి లాభం. ఎండాకాలంలో భారం.

ఎంత భారం? కప్పు కింద ఇన్సులేషన్‌గా 10 సెంటీమీటర్ల మినరల్ ఊల్ ఉందనుకుందాం. దాని ఉష్ణవాహకత 0.04 కాబట్టి, చదరపు మీటరుకు డిగ్రీకి 0.4 వాట్లు కిందికి దిగుతాయి. ఫలకం 60 డిగ్రీలు, గది 28 డిగ్రీలు ఉంటే 20 చదరపు మీటర్ల కప్పు నుంచి 256 వాట్లు గదిలోకి వస్తాయి. ఇది పెద్దదేమీ కాదు. ఇంట్లో వాళ్లు ఊరెళ్లి, ట్యాంకు నిండి, పంపు ఆగిపోయిన రోజున అద్దం కింద ఫలకం 150 డిగ్రీల దాకా పోగలదు. అప్పుడు అదే కప్పు నుంచి దాదాపు 1,000 వాట్లు కిందికి దిగుతాయి. చిన్న గది హీటర్ ఇచ్చేంత వేడి అది. నీటి ప్రవాహం ఆగిపోయి ఫలకం ఇలా కాగడాన్ని స్టాగ్నేషన్ అంటారు. మామూలు కలెక్టర్‌లో అది కలెక్టర్ సమస్య. ఇక్కడ కప్పు కింది చెక్క వాసాలకు, నీరు దిగకుండా వేసే పొరకు, సీలెంట్లకు కూడా సమస్యే. అద్దం లేని కప్పులో ఈ ప్రమాదం చాలా తక్కువ. 1,000 వాట్ల ఎండలో అది గాలికంటే సుమారు 60 డిగ్రీలు మాత్రమే పైకి పోతుంది.

దీనికి ఇంకో ముఖం ఉంది. నీళ్లు పారుతున్నంతసేపు కప్పు చల్లబడుతూ ఉంటుంది. మామూలు నల్లటి కప్పుతో పోలిస్తే కింది గదికి అది మేలే. కాబట్టి కప్పు కలెక్టర్ గదిని వేడెక్కిస్తుందా, చల్లబరుస్తుందా అన్నది ఆ గంటలో నీళ్లు పారుతున్నాయా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. కలెక్టర్‌ను ఒక ప్రోగ్రామ్‌లో, ఇంటిని ఇంకో ప్రోగ్రామ్‌లో విడిగా లెక్కిస్తే ఈ ఇచ్చిపుచ్చుకోవడం కనపడకుండా పోతుంది. రెండింటినీ ఒకే లెక్కలో కలపాలి. కలెక్టర్ వెనక ఉష్ణోగ్రతే గది కప్పు పై ఉష్ణోగ్రత కావాలి, లెక్క వేసే ప్రతి అడుగులోనూ రెండూ ఒకదానికొకటి సరిపోవాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో సిద్ధంగా దొరికే కలెక్టర్ భాగం ఈ పని చేయదు. అది కప్పు మీద నీడ వేసినట్టు మాత్రమే లెక్కిస్తుంది. రిపోర్టు చదివేవారు మొదట చూడాల్సింది ఇదే.

రేకుకు రెండున్నర నిమిషాలు, శ్లాబుకు నాలుగు గంటలు

మబ్బు వచ్చి ఎండ ఆగిపోతే కప్పు ఎంతసేపట్లో చల్లబడుతుంది? అదే 0.6 మిల్లీమీటర్ల ఉక్కు రేకు చదరపు మీటరుకు 4.7 కిలోలు తూగుతుంది. దాన్ని ఒక డిగ్రీ వేడి చేయడానికి 2.3 కిలోజౌళ్లు చాలు. నష్ట గుణకం 15తో చూస్తే నీళ్లు లేని రేకు స్పందన కాలం (ఎండ మార్పుకు అది సర్దుకోవడానికి పట్టే సమయం) సుమారు 150 సెకన్లు, అంటే రెండున్నర నిమిషాలు. పది సెంటీమీటర్ల కాంక్రీటు శ్లాబుకు అదే లెక్క వేస్తే, చదరపు మీటరుకు 240 కిలోలు, డిగ్రీకి 211 కిలోజౌళ్లు, స్పందన కాలం సుమారు 4 గంటలు.

ఈ రెండూ ఒకే సమీకరణంలో ఇమడవు. హాటెల్, విలియర్ సమీకరణం స్థిర స్థితిని ఊహిస్తుంది. అంటే ఎండ మారిన వెంటనే ఫలకం కూడా మారిపోయినట్టు లెక్కిస్తుంది. రేకుకు అది దాదాపు నిజం. శ్లాబుకు కాదు. మధ్యాహ్నం పన్నెండింటికి పడిన ఎండ శ్లాబులోని పైపుకు సాయంత్రం చేరుతుంది. ఉదయపు ఎండలో చాలా భాగం శ్లాబు తనను తాను వేడి చేసుకోవడానికే ఖర్చవుతుంది. సూర్యుడు దిగాక కూడా చాలాసేపు శ్లాబులోంచి గోరువెచ్చని నీళ్లు తీసుకోవచ్చు. స్థిర స్థితి లెక్కలో ఇవేవీ కనిపించవు. శ్లాబును మందం వెంబడి పొరలుగా విడగొట్టి, ఒక్కో పొరకు ఉష్ణోగ్రత ఇచ్చి, పొర నుంచి పొరకు వేడి ఎలా దిగుతుందో లెక్కించాల్సిందే.

లెక్క వేసే కాలపు అడుగును, అంటే ఎంత సమయానికోసారి లెక్క కట్టాలన్నదాన్ని కూడా దీన్ని బట్టే ఎంచుకోవాలి. వాతావరణ ఫైళ్లు గంటకొక అంకె ఇస్తాయి, కాబట్టి గంట అడుగుతోనే లెక్క నడపడం తేలిక. కానీ పంపును నడిపే కంట్రోలర్ గంటకోసారి నిర్ణయం తీసుకోదు. కలెక్టర్ ట్యాంకుకంటే 8 డిగ్రీలు వేడెక్కితే పంపును ఆన్ చేసి, తేడా 3 డిగ్రీలకు పడితే ఆఫ్ చేసే కంట్రోలర్‌ను తీసుకుందాం. పలచటి రేకు మీద పొద్దున పూట ఇది గంటలో ఎన్నోసార్లు ఆగి నడుస్తుంది. గంట అడుగు వేస్తే పంపు గంటంతా నడిచినట్టో గంటంతా ఆగినట్టో తేలుతుంది. ఒక నిమిషం నుంచి అయిదు నిమిషాల అడుగు దీనికి సరిపోతుంది. కాంక్రీటు పొరలకు ఇంకో పరిమితి ఉంది. సెంటీమీటరు మందం పొరలను తేలికైన ఎక్స్‌ప్లిసిట్ పద్ధతిలో, అంటే గడిచిన అడుగు ఉష్ణోగ్రతల నుంచే తర్వాతి అడుగును తీస్తూ లెక్కిస్తే అడుగు 70 సెకన్లు దాటకూడదు. దాటితే ఉష్ణోగ్రతలు ఒక అడుగులో ఆకాశానికి, మరుసటి అడుగులో పాతాళానికి పోయి లెక్క కుప్పకూలుతుంది. కొత్త అడుగు ఉష్ణోగ్రతలన్నిటినీ ఒకేసారి సాధించే ఇంప్లిసిట్ పద్ధతిలో ఈ ఇబ్బంది ఉండదు.

వాతావరణ ఫైలు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ఏడాదిలో 8,760 గంటలు. 'టిపికల్ మెటియరలాజికల్ ఇయర్' అనే ఫైల్లో ఒక్కో గంటకు ఎండ, ఉష్ణోగ్రత, తేమ, గాలి వేగం ఉంటాయి. దాన్ని ఏ ఒక్క ఏడాది నుంచో తీసుకోరు. జనవరి ఒక సంవత్సరం నుంచి, ఫిబ్రవరి మరో సంవత్సరం నుంచి, దీర్ఘకాల సగటుకు దగ్గరగా ఉన్న నెలలను ఏరి కలుపుతారు. కాబట్టి అందులో ఫలితం సగటు ఏడాదిదే. వరసగా పది రోజులు మబ్బు పట్టిన ఏడాదిలో ఏం జరుగుతుందో ఆ ఫైలు చెప్పదు.

ఫైల్లో ఉండేది చదునైన నేల మీద పడే ఎండ. కప్పు వాలుగా ఉంటుంది. నేరుగా వచ్చే కిరణాన్ని వాలుకు మార్చడం జ్యామితి పని, అందులో వివాదం లేదు. ఆకాశమంతా చెదిరి వచ్చే వెలుగును మార్చడంలోనే లెక్క కట్టే నమూనాలు వేరవుతాయి. 1960ల నాటి లియు, జోర్డాన్ నమూనా ఆకాశం అంతటా ఒకేలా వెలుగుతుందని అనుకుంటుంది. 1990 నాటి పెరెజ్ నమూనా సూర్యుడి చుట్టూ, దిగంతం దగ్గర వెలుగు ఎక్కువని పరిగణిస్తుంది. మొదటిది సాధారణంగా కాస్త తక్కువ చూపిస్తుంది. స్టాండు మీద కలెక్టర్‌ను ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. కప్పు కలెక్టర్‌కు ఆ వీలు లేదు కాబట్టి ఈ మార్పిడి ఇక్కడ ఇంకా ముఖ్యం. పడమర వాలు కప్పుకు ఎండ మధ్యాహ్నం తర్వాత తగులుతుంది. స్నానాలు సాయంత్రమైతే అది అనుకూలం, తెల్లవారుజామునైతే రాత్రంతా ట్యాంకు నష్టాన్ని భరించాలి.

గాలి వేగం సంగతి మరీ తేలిగ్గా తీసుకుంటున్నారు. ఎక్కువమంది వాడే మెక్‌ఆడమ్స్ సూత్రం ప్రకారం గాలి వల్ల నష్ట గుణకం 5.7కు గాలి వేగాన్ని 3.8తో హెచ్చవేసి కలిపినంత. సెకనుకు మీటరు గాలిలో అది 9.5. అయిదు మీటర్ల గాలిలో 24.7. అద్దం ఉన్న కలెక్టర్‌కు పైన అద్దం అడ్డు ఉంది కాబట్టి ఈ తేడా పెద్దగా తగలదు. అద్దం లేని కప్పుకు ఇదే ప్రాణం. వాతావరణ కేంద్రాల్లో గాలిని బహిరంగ ప్రదేశంలో, 10 మీటర్ల ఎత్తులో కొలుస్తారు. చెట్ల మధ్య, పక్క భవనాల మధ్య ఉన్న కప్పు మీద గాలి దానికంటే చాలా తక్కువ. ఫైల్లోని గాలిని అలాగే వాడేస్తే కప్పు అసలు పనితీరును తక్కువ చేసి చూపినట్టవుతుంది. గాలిని చూపకుండా ఒకే గుణకం వాడితే ఏ వైపు తప్పుతుందో కూడా చెప్పలేం.

రాత్రి ఆకాశాన్ని కూడా లెక్కలో చేర్చాలి. తెరిపి ఆకాశం గాలికంటే చల్లగా ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. 1963లో స్విన్‌బ్యాంక్ ఇచ్చిన సూత్రం ప్రకారం గాలి 27 డిగ్రీలు ఉంటే ఆకాశం 14 డిగ్రీల దగ్గర ఉన్నట్టు. అద్దం లేని కప్పు రాత్రి గాలికంటే చల్లబడి, మంచు బిందువు (గాలిలోని తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత) కిందికి పోయి, తడిసిపోవడం ఇందుకే. ఇన్సులేషన్ లోకి తేమ చేరితే అది వేడిని సరిగా ఆపలేదు. ట్యాంకు కలెక్టర్‌కంటే తగినంత ఎత్తులో లేకపోతే, పంపు లేకుండా వేడికే ప్రవహించే వ్యవస్థల్లో రాత్రిళ్లు వేడినీళ్లు వెనక్కి పైకి పారి కప్పు గుండా ఆకాశానికి వేడిని ఇచ్చేస్తాయి. నీళ్లను ఒకే దిక్కున పోనిచ్చే ఒక చిన్న చెక్ వాల్వ్ దాన్ని ఆపుతుంది. ఆ వాల్వ్‌ను నమూనాలో పెట్టకపోయినా, రాత్రి ప్రవాహాన్ని అసలు లెక్కించకపోయినా తప్పే.

ట్యాంకు, వాడకం

200 లీటర్ల నీళ్లను 25 నుంచి 60 డిగ్రీలకు తేవడానికి 8.1 యూనిట్ల వేడి కావాలి. రోజుకు చదరపు మీటరు మీద 5 యూనిట్ల ఎండ పడి, అందులో 45 శాతం చేతికొస్తే, సుమారు 3.6 చదరపు మీటర్ల కలెక్టర్ చాలు. ఈ లెక్క కాగితం మీద రెండు నిమిషాల పని. కానీ ఆ 45 శాతం ఎక్కడ నుంచి వచ్చింది? దాన్ని ట్యాంకు తీరు నిర్ణయిస్తుంది.

ట్యాంకులో పై సగం 60 డిగ్రీలు, కింది సగం 25 డిగ్రీలు ఉందనుకుందాం. పొరలు చెదరకుండా ఉంటే పై నుంచి 100 లీటర్ల 60 డిగ్రీల నీళ్లు వాడుకోవచ్చు, అడుగు నుంచి కప్పుకు 25 డిగ్రీల నీళ్లు వెళ్తాయి. లోపలికి వచ్చే నీళ్లు జోరుగా దూకి అంతా కలిసిపోతే, ట్యాంకు అంతా 42.5 డిగ్రీలు. ట్యాంకులో మొత్తం వేడి అదే, ఒక్క యూనిట్ కూడా పోలేదు. కానీ ఇప్పుడు 60 డిగ్రీల నీళ్లు లేక విద్యుత్ హీటర్ వెలుగుతుంది, కప్పుకు 42.5 డిగ్రీల నీళ్లు వెళ్తాయి. గాలి 25 డిగ్రీలుగా, ఎండ 800 వాట్లుగా ఉన్న పూట అద్దం లేని కప్పు సామర్థ్యం సుమారు 90 నుంచి 57 శాతానికి పడిపోతుంది. అద్దం ఉన్నదానికి 78 నుంచి 69 శాతానికి. ట్యాంకును ఒకే ముద్దగా భావించే నమూనాకూ, పది, ఇరవై పొరలుగా విడగొట్టే నమూనాకూ మధ్య తేడా ఇక్కడి నుంచే వస్తుంది.

నీళ్లు ఏ వేళ వాడతారన్నది దీనికి తోడు. ఒకే 200 లీటర్లు ఉదయం ఆరింటికి ఒక్కసారే వాడితే, సాయంత్రం నుంచి తెల్లవారేదాకా ట్యాంకు చల్లారుతుంది. మధ్యాహ్నం, సాయంత్రం కొంచెం కొంచెంగా వాడితే ట్యాంకు అడుగు మాటిమాటికీ చల్లబడి కప్పు సామర్థ్యం పెరుగుతుంది. రోజంతా సమానంగా వాడినట్టు రాసిన నమూనా ఏ ఇంటికీ చెందదు. ఆరోగ్య దృష్టితో ఇంకో నిబంధన కూడా ఉంది. నిల్వ నీటిలో 25 నుంచి 45 డిగ్రీల మధ్య లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా బాగా పెరుగుతుంది. అందుకే ట్యాంకును 60 డిగ్రీల దగ్గర ఉంచమని సిఫారసు చేస్తారు. ఆ వేడి కోసం హీటర్ ఖర్చు చేసే విద్యుత్‌ను లెక్కలో చూపకపోతే సూర్యుడి వాటా ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది.

ఆ 'సూర్యుడి వాటా' అన్న మాటకే రెండు మూడు అర్థాలు ఉన్నాయి. సోలార్ లేకపోతే అయ్యే విద్యుత్‌తో పోలిస్తే ఎంత ఆదా అయిందని కొందరు చెబుతారు. ట్యాంకులోకి వచ్చిన వేడిని, వాడిన వేడితో భాగించి మరికొందరు చెబుతారు. రెండో పద్ధతిలో ట్యాంకు నుంచి గాలికి పోయిన వేడి కూడా లాభం ఖాతాలోకే వెళ్తుంది. పంపు తాగే కరెంటు ఒకరి లెక్కలో ఉంటుంది, ఇంకొకరి లెక్కలో ఉండదు. ముందు చెప్పుకున్న 70, 45 శాతాల మధ్య దూరంలో కొంత ఈ మాటల తేడాయే.

ఏ పనికి ఏ సాధనం

1970ల మధ్యలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో శాన్‌ఫర్డ్ క్లైన్, విలియం బెక్‌మన్, జాన్ డఫీ వందల సిమ్యులేషన్లు నడిపి, వాటి ఫలితాలను కొన్ని గ్రాఫుల్లోకి, సమీకరణాల్లోకి కుదించారు. అదే ఎఫ్-చార్ట్ పద్ధతి. కాలిక్యులేటర్‌తో నెలవారీ అంచనా చెప్పేయొచ్చు. కానీ అది మామూలు కలెక్టర్, మామూలు ట్యాంకు ఉన్న వ్యవస్థల నుంచి పుట్టింది. బరువైన శ్లాబుకు దాన్ని వాడితే దాని హద్దు దాటినట్టే.

ఆ సిమ్యులేషన్లు నడిపిన ప్రోగ్రామ్ ట్రాన్‌సిస్, 1975లో బయటికొచ్చింది. కలెక్టర్, ట్యాంకు, పంపు, ఇల్లు అన్నీ విడి విడి భాగాలుగా ఉంటాయి. వాటిని తీగలు కలిపినట్టు కలుపుకోవాలి. కప్పు కలెక్టర్‌కు ఇప్పటికీ ఇదే ఎక్కువ సౌకర్యం, ఎందుకంటే వెనక ఉష్ణోగ్రతను ఇంటి భాగానికి కలిపే వీలుంది, కావాలంటే సొంత భాగం రాసుకోవచ్చు. 2001లో అమెరికా ఇంధన శాఖ విడుదల చేసిన ఎనర్జీప్లస్ ఇంటి వైపు లెక్కలో బలమైనది. పైపుల్లో నీళ్లు సమానంగా పంచుకుంటున్నాయా, అద్దం కింద గాలి ఎలా తిరుగుతోంది అన్న ప్రశ్నలకు కంప్యుటేషనల్ ఫ్లూయిడ్ డైనమిక్స్, అంటే నీళ్ల, గాలి ప్రవాహాన్ని చిన్న చిన్న గడులుగా విడగొట్టి లెక్కించే పద్ధతి కావాలి. దానితో ఏడాది మొత్తం నడపడం సాధ్యపడదు, నడపాల్సిన అవసరమూ లేదు. దానితో ఒక గంట పరిస్థితిని లోతుగా చూసి, వచ్చిన గుణకాన్ని ఏడాది లెక్కలో పెడతారు. పొడవాటి కప్పులో ఇరవై ముప్పై పైపులు ఒకే హెడర్ (నీళ్లను పంచే పెద్ద పైపు) నుంచి చీలితే కొన్నింటికి నీళ్లు సరిగా అందవు. ఆ పైపుల పైన కప్పు వేడెక్కి, మొత్తం సామర్థ్యం తగ్గుతుంది. ఈ ఒక్క విషయం చూడడానికైనా ఫ్లూయిడ్ డైనమిక్స్ లెక్క విలువైనదే.

కొలతతో సరిచూడడం

సిమ్యులేషన్‌ను నమ్మాలంటే కట్టిన కప్పు మీద కొలిచిన అంకెలతో పోల్చాలి. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ఎండను పీల్చుకునే శాతాన్ని కాస్త ఎక్కువగా, నష్ట గుణకాన్ని కూడా కాస్త ఎక్కువగా పెడితే రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పగటి కొలతలకు గీత చక్కగా సరిపోతుంది. అదే నమూనాను వేరే కాలానికో, వేరే నీటి ఉష్ణోగ్రతకో వాడితే ఆ సర్దుబాటు నిలవదు. అందుకే కొలతల్లో సగంతో గుణకాలను సర్ది, మిగతా సగంతో సరిచూస్తారు. ఆ రెండు సగాలూ ఒకే వారంలోవైతే పెద్ద ప్రయోజనం ఉండదు.

ఇంతకంటే సూటి పద్ధతి రాత్రి పరీక్ష. సూర్యుడు లేని వేళ ట్యాంకులోని వేడినీళ్లను కప్పు గుండా తిప్పి, లోపలికి వెళ్లిన నీళ్లకు, బయటికి వచ్చిన నీళ్లకు తేడా కొలుస్తారు. ఎండ లేదు కాబట్టి కనిపించేది నష్టం ఒక్కటే. గాలి వేగాన్ని, ఆకాశ ఉష్ణోగ్రతను పక్కనే నమోదు చేస్తే పైకి ఎంత పోతోందో, గది కప్పుకు అతికించిన ఉష్ణప్రవాహ సెన్సర్‌తో కిందికి ఎంత దిగుతోందో విడివిడిగా తేలుతుంది. ఆ తర్వాత ప్రవాహం ఆపేసి కప్పు చల్లారే వేగాన్ని చూస్తే బరువు లెక్క కూడా సరైందో కాదో తెలుస్తుంది. నష్టం, బరువు రెండూ రాత్రే తేలిపోయాక, పగటి కొలతల నుంచి తీయాల్సింది ఎండను పీల్చుకునే శాతం ఒక్కటే మిగులుతుంది. ఇక తప్పులు ఒకదాని వెనక ఒకటి దాక్కునే చోటు ఉండదు.